డైవ్ ఎక్కడ ఆగిందో అక్కడే డబ్బు పెట్టాలి

నీళ్ల కింద వంద మీటర్లకు దగ్గరగా ఉన్నాం. గాలి మూడో వంతు మిగిలింది. పట్టిన సరుకు వేసుకునే బాక్సు దాదాపు నిండింది. ఇక పైకి పోదామని తిరిగేసరికి ఎదురుగా బారెడు ట్యూనా. దొరికితే ఈ రాత్రి హోటల్ నడిచిపోతుంది. హార్పూన్ (తాడు కట్టిన ఈటె) వదిలితే తగిలింది, కానీ చేప లొంగలేదు. లాగుతున్నాం, అది గింజుకుంటోంది. ఇంతలో వెనక నుంచి ఇంకేదో వచ్చి కొరికింది. గాలి మీటరు ఒక్కసారిగా కిందికి జారింది. టెన్షన్‌లో బటన్ తప్పు నొక్కడం, చేప విడిపించుకుని పోవడం, మీటరు సున్నాకు రావడం అన్నీ నాలుగైదు సెకన్లలో అయిపోయాయి. స్క్రీన్ నల్లబడింది. పావుగంట పాటు ఏరుకున్న సరుకంతా వరసగా చూపించి, వీటిలో ఒక్కటే ఉంచుకో అంది ఆట.

'డేవ్ ద డైవర్' ఆడినవాళ్లలో ఈ స్క్రీన్ చూడనివాళ్లు ఉండరు. దాని తర్వాత ఎక్కువ మంది చేసే పని కూడా ఒకటే. ఆటలోని ఫోన్ తీసి, ఆటలో సంపాదించిన డబ్బుతో కనిపించిన అప్‌గ్రేడ్ (సామాన్ల మెరుగుదల) కొనేస్తారు. చేప తప్పించుకుంది కాబట్టి ఇంకా గట్టి హార్పూనో, ఇంకా పెద్ద తుపాకో. కానీ ఆ డైవ్ చెడింది ఆయుధం చాలక కాదు. బాక్సు నిండాక కూడా కింద ఉండిపోవడం వల్ల చెడింది. రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేశారు. ఈ ఆటలో డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇలాగే.

ఆట గురించి తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్పుకుందాం. దక్షిణ కొరియాలో నెక్సాన్ సంస్థ కింద పనిచేసే మింట్‌రాకెట్ బృందం దీన్ని తయారుచేసింది. 2022 అక్టోబరులో ఎర్లీ యాక్సెస్‌గా (తయారీ పూర్తికాకముందే అమ్మకానికి పెట్టి), 2023 జూన్ 28న పూర్తి ఆటగా వచ్చింది. జులైలోనే 10 లక్షల కాపీలు దాటింది. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఇండిపెండెంట్ గేమ్ విభాగానికి నామినేట్ అయితే, నెక్సాన్ లాంటి పెద్ద కంపెనీ చేతిలోని ఆట ఇండీ (పెద్ద కంపెనీల అండ లేనిది) ఎలా అవుతుందని పెద్ద చర్చే జరిగింది. 2024లో గేమ్ డిజైన్‌కు బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం బొమ్మలకో కథకో కాదు, డిజైన్‌కు రావడం సరైనదే. ఎందుకంటే ఈ ఆట బలమంతా లెక్కలో ఉంది.

ఆ లెక్క ఇలా నడుస్తుంది. డేవ్ అనే బొద్దు మనిషి పగలు బ్లూ హోల్ అనే సముద్రపు గుంటలో దిగి చేపలు పడతాడు. రాత్రి బాంచో అనే వంటవాడి సుషీ హోటల్‌లో వడ్డిస్తాడు. హోటల్‌లో వచ్చిన డబ్బుతో డైవింగ్ సామాన్లు మెరుగుపరుచుకుంటాడు. మెరుగైన సామాన్లతో ఇంకా లోతుకు పోయి, ఇంకా ఖరీదైన చేపలు తెస్తాడు. పైకి చూస్తే మామూలు చక్రమే, ఇలాంటి ఆటలు బోలెడున్నాయి. తేడా ఏంటంటే, ఇక్కడ చక్రం తిరగకుండా ఆపే చోటు ఎప్పుడూ ఒకటే ఉండదు. ఈ వారం గాలి సరిపోదు, వచ్చే వారం బాక్సు సరిపోదు, ఆ తర్వాత వంటగది సరిపోదు. ఏది ఆపుతోందో కనిపెట్టడంలోనే ఆట అంతా ఉంది.

విశాఖ హార్బర్ నుంచి మరబోటు వేటకు పోవాలంటే ముందు మూడు ఎక్కించుకోవాలి. డీజిల్, ఐసు, మనుషుల తిండి. ఈ మూడింటిలో ఏది ముందు అయిపోతే అప్పుడు బోటు వెనక్కి తిరగాలి. ఐసు అయిపోయాక ట్యాంకులో ఎంత డీజిల్ మిగిలినా దానివల్ల లాభం లేదు. పట్టిన చేప పాడైపోతుంది. అలాంటప్పుడు ఇంకో డ్రమ్ము డీజిల్ కొనేవాడిని ఎవరైనా నవ్వుతారు. డేవ్ కథ కూడా అదే. ప్రతి డైవ్ ఏదో ఒక కారణంతో ఆగుతుంది. గాలి అయిపోయిందా, బరువు ఎక్కువైందా, డైవింగ్ సూట్ అంత లోతుకు పనికిరాదని హెచ్చరిక వచ్చిందా, లేక చేపే చేతికి చిక్కలేదా? నాలుగైదు డైవ్‌లు వరసగా ఏ కారణంతో ఆగాయో గుర్తుపెట్టుకుంటే, తర్వాత కొనాల్సింది ఏమిటో ఎవరినీ అడగనక్కర్లేదు.

ముందు గాలి సంగతి. ఈ ఆటలో ఆక్సిజన్, ప్రాణం వేరు వేరు కాదు. రెండింటికీ ఒకటే మీటరు. ఊపిరి తీసుకుంటే తగ్గుతుంది, సొరచేప కొరికినా తగ్గుతుంది. దీనివల్ల ఒక చిత్రమైన సంగతి జరుగుతుంది. దెబ్బ తగిలినప్పుడు ప్రాణంతో పాటు సమయం కూడా పోతుంది. ఒక సొరచేపతో అనవసరంగా గొడవ పెట్టుకుంటే, ఆ నష్టం ఇంకో మూలన నాలుగు మంచి చేపలు పట్టే సమయంలోంచి కోత పడుతుంది. అందుకే సిలిండర్ అప్‌గ్రేడ్‌ను ఊపిరి కోసం అన్నట్టు చూడకూడదు. అది కవచం కూడా, గడియారం కూడా. ఆట మొదట్లో డబ్బు తక్కువున్నప్పుడు సిలిండర్ మీద పెట్టినంత ఫలితం ఇంకెక్కడా రాదు. ఒకే ఖర్చుతో మూడు పనులు అవుతాయి కాబట్టి.

అసలు డైవర్ల గాలి లెక్క దీనికంటే కఠినం. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో గాలి నింపితే, అది ఉపరితలం మీద 2,400 లీటర్లకు సమానం. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఒడ్డు మీద రెండు గంటలు వస్తుంది. కానీ ప్రతి 10 మీటర్లకు ఒత్తిడి ఒక్కో బార్ పెరుగుతుంది. పైనుండే ఒక బార్‌తో కలిపి 30 మీటర్ల దగ్గర ఒత్తిడి నాలుగు రెట్లు అవుతుంది, ఒక్కో ఊపిరికి పట్టే గాలీ అంతే పెరుగుతుంది. అక్కడ అదే సిలిండర్ అరగంటకే ఖాళీ. పైగా సిలిండర్‌లో ఉండేది మామూలు గాలే. స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను ఆరేడు మీటర్లు దాటి పీల్చడం ప్రమాదకరం. ఆటలు దాన్ని ఆక్సిజన్ అని రాసేస్తాయి, అది వదిలేద్దాం. ఒత్తిడి లెక్కను కొంతైనా తీసుకున్న ఆట 'సబ్‌నాటికా'. అందులో మొదట ఊపిరి 45 సెకన్లే. మామూలు ట్యాంకు తగిలిస్తే 75 సెకన్లు. రీబ్రీదర్ (వదిలిన గాలిని మళ్లీ పీల్చుకోనిచ్చే పరికరం) లేకుండా వంద మీటర్లు దాటితే గాలి త్వరగా ఖర్చవుతుంది. అక్కడ పెద్ద ట్యాంకు తగిలించుకుంటే ఈత నెమ్మదిస్తుంది కూడా. అంటే గాలి పెంచుకోవడానికీ ఒక ధర కట్టాలి. డేవ్‌కు ఆ బాధ లేదు. అతని సిలిండర్ ఎంత పెరిగినా ఒంటికి బరువు తెలియదు.

గుహల్లో దిగే డైవర్లు మూడో వంతు నియమం పాటిస్తారు. గాలిలో ఒక వంతు లోపలికి పోవడానికి, ఒక వంతు తిరిగి రావడానికి, మిగిలిన వంతు ఆపద కోసం. డేవ్ విషయంలో ఇంత జాగ్రత్త అక్కర్లేదు. దారిలో అక్కడక్కడ గాలి నింపుకునే చోట్లు ఉంటాయి, పైకి ఎక్కకుండానే బయటపడేసే ఎస్కేప్ పాడ్‌లు ఉంటాయి. కానీ ఆ నియమంలోని ఒక ముక్క మాత్రం అచ్చంగా పనికొస్తుంది. తిరుగు ప్రయాణం ఎప్పుడన్నది నీళ్లలోకి దిగకముందే తేల్చుకోవాలి. ఎదురుగా చేప కనబడ్డాక తేల్చుకుందామంటే ఆశ గెలుస్తుంది. మొదట్లో చెప్పుకున్న ట్యూనా కథ అదే. సగం గాలికి వెనక్కి తిరగాలని ముందే అనుకుని ఉంటే, ఆ ట్యూనా రేపటి చేప అయ్యేది.

ఇక బరువు. సిలిండర్ ఒకటి రెండు మెట్లు పెరిగాక డైవ్ ఆగే కారణం మారుతుంది. గాలి ఇంకా ఉంటుంది, బాక్సు నిండిపోతుంది. బరువు దాటితే డేవ్ ఈత బాగా నెమ్మదిస్తుంది. సొరచేపలు తిరిగే చోట నెమ్మదిగా ఈదడం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. విచిత్రమేంటంటే చాలామంది బరువును సమస్యగా గుర్తించరు. బాక్సు నిండితే సంతోషిస్తారు. నిండడం లాభమే, కానీ దేనితో నిండిందన్నది అసలు ప్రశ్న.

బాక్సులో చేపలతో పాటు తాడు, కలప, ఇనుము, మసాలా సామాన్లు, తుపాకీ తయారీకి కావాల్సిన ముడి సరుకు అన్నీ ఎక్కుతాయి. కిలోకు ఎంత వస్తుందన్నది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. లెక్క కోసం ఇలా అనుకుందాం. బాక్సులో ఇంకా 10 కిలోలు పడతాయి. పైన గుంపులుగా తిరిగే చిన్న చేపలు కిలోకు 20 చొప్పున సంపాదిస్తాయి. కింద ఉండే చేప కిలోకు 50 తెస్తుంది, కానీ దాన్ని పట్టేలోగా గాలిలో మూడో వంతు పోతుంది. గాలి పుష్కలంగా ఉంటే రెండోదే మేలు. గాలి తక్కువగా ఉంటే మొదటిది. అంటే బాక్సులోని ప్రతి కిలో ధర ట్యాంకులో మిగిలిన గాలిని బట్టి మారుతుంది. ఒకే చేప పొద్దున విలువైనదై, పది నిమిషాల తర్వాత వదిలేయాల్సినదవుతుంది.

దీంట్లోంచి పుట్టే అలవాటు ఒకటుంది. అనుభవం ఉన్నవాళ్లు దిగేటప్పుడు దాదాపు ఏమీ పట్టరు. దారిలో కనబడిన చేపలన్నీ చూసుకుంటూ పోతారు. అట్టడుగుకు చేరాక ఖరీదైనవి పట్టి, పైకి వచ్చేటప్పుడు మిగిలిన ఖాళీని చవక చేపలతో నింపుతారు. కొత్తవాళ్లు దీనికి తలకిందులుగా చేస్తారు. పైనే నింపేసుకుని, కిందికి పోయాక బాక్సు తెరిచి ఏది పారేయాలా అని లెక్కపెడతారు. ఆ లెక్కపెట్టే సమయంలో కూడా మనసు ఒప్పుకోదు. ఇందాక కష్టపడి పట్టిందేగా అనిపిస్తుంది.

సొరచేప లాంటి పెద్దవాటి సంగతి వేరు. చంపినా మొత్తం మోసుకురాలేం, కత్తితో కోసుకుని కొంత మాంసమే తెచ్చుకోవాలి. డ్రోన్ ఉంటే పిలిచి మొత్తం చేపను పడవ మీదికి పంపొచ్చు. ఒక్కో డైవ్‌కు డ్రోన్లు లెక్క ప్రకారమే ఉంటాయి. కాబట్టి డ్రోన్ అంటే బాక్సు బరువులోకి రాని అదనపు బాక్సు. ఇది అర్థమైనవాళ్లు డ్రోన్‌ను మొదట కనబడ్డ పెద్ద చేప మీద ఖర్చు పెట్టరు.

ఇప్పుడు సూట్ సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. సూట్ మెరుగుపడితే ఇంకా లోతుకు పోవచ్చు. కొత్త లోతు అంటే కొత్త చేపలు, కొత్త మెనూ, కొత్త దృశ్యాలు. ఆకర్షణ అంతా దీంట్లోనే ఉంది. కానీ సూట్ ఒక్క చేపను కూడా తేలిగ్గా పట్టనివ్వదు, ఒక్క కిలో కూడా అదనంగా మోయనివ్వదు. అది తలుపు మాత్రమే తెరుస్తుంది. తలుపు అవతలికి పోయి రావడానికి గాలి కావాలి. బ్లూ హోల్‌లో పై భాగం 50 మీటర్ల దాకా ఉంటుంది, ఆ తర్వాత మధ్య భాగం మొదలవుతుంది. చిన్న సిలిండర్‌తో అక్కడికి దిగినవాడి గాలి సగం రాకపోకలకే సరిపోతుంది. అక్కడ ఉండేదల్లా రెండు మూడు నిమిషాలు. ఊళ్లో కూలీకి పోయేవాడు ఎక్కువ కూలి ఇస్తారని పట్నం పోయి, బస్సు ఛార్జీలకే సగం పోగొట్టుకున్నట్టు.

అలాగని సూట్‌ను వాయిదా వేస్తూ పోతే కథ కదలదు. కొన్ని అప్‌గ్రేడ్‌లు కథ ఒక దశకు వస్తేగానీ అందుబాటులోకి రావు. కథలోని పనులు చాలావరకు ఇంకొంచెం లోతున ఉంటాయి. కాబట్టి సూట్‌ను లాభం కోసం కాక, ఆట ముందుకు సాగడం కోసం కొనే వస్తువుగా చూడాలి. లాభం సిలిండర్, బాక్సుల నుంచి రావాలి. ఆ లాభంలోంచి సూట్ కొనాలి. మొదట సూట్ కొని, దాంట్లోంచి లాభం తీద్దామంటే అప్పు చేసి పప్పుకూడే.

ఆయుధాల విషయంలో ఆట ఒక తెలివైన మెలిక పెట్టింది. చేపను ఎలా పట్టామన్న దాన్ని బట్టి దానికి ఒకటి నుంచి మూడు స్టార్లు ఇస్తుంది. తుపాకీతో కాల్చి చంపితే ఒక స్టారు. వలతోనో, మత్తు బాణంతోనో ప్రాణంతో పట్టుకుంటే మూడు. స్టార్లు ఎక్కువైతే మాంసమూ ఎక్కువ వస్తుంది. దీనివల్ల మామూలు ఆటల్లోని నమ్మకం ఒకటి ఇక్కడ తలకిందులవుతుంది. ఎక్కువ నష్టం చేసే ఆయుధమే మంచి ఆయుధం అనేది మిగతా ఆటల్లో నిజం. ఇక్కడ ఎక్కువ నష్టం అంటే సరుకు పాడవడం. గ్రెనేడ్‌తో చేపల గుంపును లేపేస్తే తెర మీద భలేగా ఉంటుంది, హోటల్‌కు మాత్రం చేరేది కొంచెమే.

వల తుపాకీ, మత్తు తుపాకీ ఈ కారణంగానే అసలైన అప్‌గ్రేడ్‌లు. అవి బాక్సు పెంచవు, గాలి పెంచవు. కానీ అదే గాలితో వచ్చే మాంసం పెంచుతాయి. అంటే రెండు లోటులనూ ఒకేసారి కొంచెం తగ్గిస్తాయి. తుపాకులు చేసిపెట్టే డఫ్ దగ్గర చాలానే రకాలున్నాయి. నీళ్ల కింద పెట్టెల్లో దొరికే తుపాకులను తీసుకుంటూ పోతే వాటి బ్లూప్రింట్లు పూర్తవుతాయి, ఆ తర్వాత ముడి సరుకు పోసి వాటినే చేయించుకోవచ్చు. ముడి సరుకు దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఉన్నదాన్ని నాలుగు రకాల తుపాకుల మీద కొంచెం కొంచెం చల్లకుండా, ఒక వల రకాన్నో మత్తు రకాన్నో చివరిదాకా తీసుకెళ్లడం మేలు. దాడి చేసేవాటి నుంచి తప్పించుకోవడానికి కావాల్సినంత ఆయుధం నీళ్లలో పెట్టెల నుంచే దొరుకుతుంది. అది ఆ డైవ్‌తో పోతుంది. పోయినా బెంగలేదు, ఉచితంగా వచ్చిందేగా.

ఇంతవరకు నీళ్ల కింద లెక్క. చాలా విశ్లేషణలు ఇక్కడే ఆగిపోతాయి. నిజానికి ఆట సగానికి వచ్చేసరికి చక్రాన్ని ఆపే ఆ ఇరుకు నీళ్లలోంచి లేచి ఒడ్డుకు వస్తుంది.

హోటల్ మొదటి రాత్రులు గుర్తుచేసుకుందాం. బాంచో వెనక వండుతుంటాడు. వడ్డించేది డేవ్ ఒక్కడే. ఎడమ చివర కూర్చున్నాయనకు ప్లేటు పెట్టేలోగా కుడి చివరామె గ్రీన్ టీ అడుగుతుంది. టీ ఒంపడం ఒక చిన్న ఆట. కప్పులో గీత దాకా పోయాలి, తక్కువైనా తప్పే, పొంగినా తప్పే. ఈలోపు సుషీతో ఇచ్చే ఘాటైన వాసాబి అయిపోయింది, తురమాలి. తురుముతుండగా మధ్యలో కూర్చున్నాయన ముఖం ఎర్రబడి లేచి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ప్రాణాలకు తెగించి తెచ్చిన చేప వండిపెట్టి ఉంది, తినేవాడు లేడు. ఆ రాత్రి ఆపింది సిలిండర్ కాదు, బాక్సు కాదు. రెండు చేతులు.

అలాంటి రాత్రుల తర్వాత కూడా డబ్బంతా డైవింగ్ సామాన్ల మీదే పెట్టేవాళ్లు ఉంటారు. ఎందుకంటే హోటల్‌ను వాళ్లు అసలు ఆట మధ్యలో వచ్చే కాలక్షేపంగా చూస్తారు. కానీ తెచ్చిన చేప ప్లేటులోకి, ప్లేటు కస్టమర్ ముందుకు చేరేదాకా అది డబ్బు కాదు. మనుషులను పెట్టుకోవడానికి ప్రకటన ఇవ్వాలి, జీతం ఇవ్వాలి, శిక్షణకు ఖర్చు పెట్టాలి. ఇవన్నీ ఖర్చులాగే కనబడతాయి. ఒక చురుకైన సర్వర్ వచ్చాక ఒక్క రాత్రి గల్లాపెట్టె చూస్తే విషయం తెలుస్తుంది. అదే చేప, అదే వంట, కానీ అమ్ముడైన ప్లేట్లు వేరు.

మెనూలో ఇంకో చిక్కుంది. వండి సిద్ధం చేసి, రాత్రి ముగిసేసరికి అమ్ముడుపోని ప్లేట్లు చెత్తబుట్టలోకి పోతాయి. ఆశకొద్దీ ఇరవై ప్లేట్లు వేసి పన్నెండు అమ్మితే ఎనిమిది ప్లేట్ల గాలి, బరువు, ప్రమాదం అన్నీ వృథా. వండని మాంసం మాత్రం నిల్వలో ఎన్నాళ్లయినా చెడదు. ఇది డేవ్‌కు ఆట ఇచ్చిన గొప్ప వరం. మన ఫ్రిజ్‌లు కూడా ఇలా ఉంటే బాగుండు. చెడదు కాబట్టి అంతా ఇవాళే అమ్మేయాలన్న తొందర అక్కర్లేదు. సొరచేపల పార్టీ, కూరల పార్టీ లాంటి ప్రత్యేక రాత్రులు వస్తాయి, ఆ రోజు ఆ రకం వంటకాలకే గిరాకీ. ముందు నుంచి కొంచెం కొంచెం దాచినవాడికి ఆ రాత్రి పండగ.

నిల్వ ఉంచిన మాంసానికి ఇంకో వాడకం ఉంది. అదే వంటకాన్ని మెరుగుపరచడం. ఒక వంటకం స్థాయి పెంచాలంటే అదే మాంసం ఖర్చు పెట్టాలి. పెరిగాక ప్లేటు ధర పెరుగుతుంది. లెక్క కోసం అంకెలు వేసుకుందాం. ప్లేటు 30కి అమ్ముతున్న వంటకాన్ని 34కు తీసుకెళ్లడానికి ఆరు ప్లేట్ల మాంసం పట్టిందనుకుంటే, వదులుకున్న రాబడి 180. రాత్రికి 9 ప్లేట్లు అమ్మితే అదనంగా వచ్చేది 36. అంటే ఐదు రాత్రులకు పెట్టుబడి తిరిగొస్తుంది. బాగానే ఉంది కదా. కానీ ఆ ఐదు రాత్రులు ఆ వంటకం మెనూలో ఉంటుందా? ఈలోపు సూట్ మెరుగుపడి, లోతైన చేపలు వచ్చి, పాత వంటకాన్ని పక్కకు నెట్టేస్తే ఐదు రాత్రుల లెక్క ఎప్పటికీ పూర్తికాదు. అందుకే సూట్ మార్చబోయే ముందు పాత వంటకాల మీద మాంసం పోయకూడదు. కొత్త లోతులో కుదురుకున్నాక, సులువుగా దొరికే ఒకటి రెండు చేపలను ఎంచుకుని వాటి వంటకాలను పెంచుకుంటే డబ్బు నిలకడగా వస్తుంది. అరుదైన చేప వంటకాన్ని పెంచడం గొప్పగా ఉంటుంది, కానీ దాన్ని రోజూ ఎవరు తేగలరు?

కుక్‌స్టా అనే సోషల్ మీడియా యాప్ కూడా ఇక్కడే పనికొస్తుంది. వంటకాల రుచి బాగుంటే ఫాలోవర్లు పెరుగుతారు, హోటల్ ర్యాంకు పెరుగుతుంది, దాంతో హోటల్ విస్తరిస్తుంది. అంటే వంటకం స్థాయి పెంచడం వల్ల ఈ రాత్రి రాబడితో పాటు రేపటి హోటల్ పరిమాణం కూడా మారుతుంది. ఈ ఒక్క కారణంతో పైన వేసిన 180, 36 లెక్క కొంచెం మెరుగవుతుంది. ఎంత మెరుగవుతుందో అంకెల్లో తేల్చడం కష్టం. ఆట కూడా తేల్చనివ్వదు.

ఇక చేపల పెంపకం. ఆట కొంత సాగాక చేపల చెరువు లాంటి ఫామ్ తెరుచుకుంటుంది. వేటలో దొరికిన చేప గుడ్లు అక్కడ పొదిగి, పెరిగి, మళ్లీ పిల్లలు పెడతాయి. పక్కనే ఓటో అనే ఆయన చూసుకునే పొలంలో వరి, కూరగాయలు పండుతాయి. భీమవరం, కైకలూరు వైపు చెరువుల లెక్క తెలిసినవాళ్లకు తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలుసు. వేటకు పోయి తెచ్చే చేపకు ప్రతిసారీ ఖర్చుంటుంది. చెరువులోని చేపకు మొదట్లోనే ఖర్చు, ఆ తర్వాత అది దానంతట అదే పెరుగుతుంది. ఆటలోనైతే మేత ఖర్చు, రోగాల భయం, కరెంటు కోతలు అసలు ఉండవు. ట్యాంకులు పెంచుకుంటూ పోతే చాలు.

ఆట డిజైన్‌లో నిజమైన లోపం ఇదే. అప్పటిదాకా ప్రతి చేప వెనక గాలి ఉంది, బరువు ఉంది, ప్రమాదం ఉంది. ఫామ్ కుదురుకున్నాక అదే మాంసం ఒడ్డున కూర్చుని తెచ్చుకోవచ్చు. సిలిండర్, బాక్సు, వల తుపాకీ, వీటన్నిటి మీదా పెట్టిన డబ్బుకు అర్థం మారిపోతుంది. డైవ్ చేయాల్సింది కథ కోసం, కొత్త రకం గుడ్ల కోసమే. డబ్బు పోగుపడుతుంది, దాన్ని పెట్టడానికి కొత్త ఇరుకు ఉండదు. ఇరుకు లేని చోట అప్‌గ్రేడ్ అంటే అంకె పెరగడమే, ఇంకేమీ కాదు. ఆటను చివరిదాకా ఆడినవాళ్లకు ఆఖరి గంటల్లో కథ లాగుతుందే తప్ప లెక్క లాగదు. దీన్ని విశ్రాంతిగా తీసుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటా కాదనలేం.

ఈ చిక్కును వేరేలా పరిష్కరించిన ఆట ఒకటుంది. న్యూజిలాండ్‌కు చెందిన బ్లాక్ సాల్ట్ గేమ్స్ 2023 మార్చిలో తెచ్చిన 'డ్రెడ్జ్'. అదే ఏడాది చివర్లో ఈ రెండు ఆటలూ కలిసి డేవ్ సముద్రంలోకి డ్రెడ్జ్ చేపలను తెచ్చాయి కూడా. డ్రెడ్జ్‌లో డైవింగ్ లేదు, పడవ మీద వేట. సరుకుకు బరువు ఉండదు, ఆకారం ఉంటుంది. పడవ అడుగు గళ్లగళ్లుగా ఉంటుంది, ఒక్కో చేప ఒక్కో వంకర ఆకారంలో ఆ గళ్లను ఆక్రమిస్తుంది. తిప్పి, మళ్లించి, సందుల్లో ఇరికించాలి. సామాను సర్దిన తర్వాత కారు డిక్కీ మూత పడాలంటే చేసే పనే ఇది.

అసలు తేడా ఆ గళ్లలోనే ఉంది. అక్కడ ఇంజిన్, గాలం, వల, లైటు కూడా అదే పడవలో గళ్లు తీసుకుంటాయి. వేగంగా పోవాలని పెద్ద ఇంజిన్ బిగిస్తే గళ్లు తగ్గుతాయి. పడవ రాయికి గుద్దుకుంటే ఒక గడి దెబ్బతింటుంది, అందులో ఉన్నది సముద్రం పాలవుతుంది. పట్టిన చేప రోజులు గడిచేకొద్దీ కుళ్లుతుంది కూడా. ఇన్ని బాధలున్న చోట ఏ అప్‌గ్రేడ్ కూడా పూర్తి లాభం కాదు. ప్రతిదీ ఇంకోదాన్ని కొంచెం తింటుంది. అందుకే ఆట చివర్లో కూడా పడవ సర్దుకోవడం మీద తల పట్టుకోవాల్సిందే.

డేవ్ కొన్న సిలిండర్ మాత్రం ఒకసారి కొంటే ఇక ఏమీ అడగదు. దెబ్బ తగిలినా చిరగదు, చోటు తినదు, ఈతను నెమ్మదింపజేయదు. ఆట మొదటి సగంలో ఫోన్ తీసి, డైవింగ్ సామాన్లు మెరుగుపరుచుకునే ఐడైవర్ యాప్ తెరిచినప్పుడు ఉండే ఆ ఉత్కంఠ, సిలిండరా బాక్సా అన్న ఆ తర్జనభర్జన, రెండో సగంలో ఎందుకు మాయమవుతుందో అడిగితే జవాబు ఇదే. అప్పటికి యాప్‌లో కొనాల్సినవన్నీ కొనేసి ఉంటాం. ఫామ్‌లో ట్యాంకుల నిండా చేపలు ఈదుతుంటాయి. బ్లూ హోల్‌లో దిగిన డేవ్ బాక్సు సగం ఖాళీగానే పైకి వస్తుంది, ఎవరికీ పట్టదు.